స్లీప్‌లో ఉన్న కనెక్షన్లు

మొన్న శనివారం సాయంత్రం అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే ఫోన్ వచ్చింది, మేం చూసుకునే ఒక మిఠాయి దుకాణం ఆర్డర్ల సైట్ తెరుచుకోవడం లేదని. లాగ్ నిండా 1040 ఎర్రర్, అంటే ‘టూ మెనీ కనెక్షన్స్’, డేటాబేస్‌కి తెరిచిన దారులు పరిమితికి చేరిపోయాయని. దగ్గర్లోని ఇరానీ హోటల్లో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. ఆ సైట్ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, మనం ఏమీ మార్చకపోతే అది ఒకేసారి 151 కనెక్షన్లే ఇస్తుంది, కాకపోతే అడ్మిన్ కోసం ఇంకొకటి విడిగా ఉంచుతుంది, ఆ ఒక్కటి ఉండబట్టే లోపలికి వెళ్లగలిగాను. ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే ‘షో ప్రాసెస్‌లిస్ట్’ కొడితే వరసగా స్లీప్, స్లీప్, స్లీప్. పనేమీ చేయడం లేదు, చోటు మాత్రం వదలడం లేదు.

మామూలుగా ఆ సైట్ రాసిన భాష పీహెచ్‌పీలో స్క్రిప్ట్ అయిపోగానే కనెక్షన్ దానంతటదే మూసుకుపోతుంది. కానీ ఎవరో వేగం కోసమని, పీహెచ్‌పీ నుంచి డేటాబేస్‌తో మాట్లాడే పీడీవోలో పెర్సిస్టెంట్ ఆప్షన్ పెట్టారు, అంటే పని అయ్యాక కూడా కనెక్షన్ మూయొద్దని. అప్పుడు ఎఫ్‌పీఎం వర్కర్లు, అంటే సర్వర్‌లో పీహెచ్‌పీని నడిపే ప్రాసెస్‌లు, ఒక్కొక్కటీ తన కనెక్షన్‌ని పట్టుకునే కూర్చుంటాయి. మావి మూడు సర్వర్లు, ఒక్కోదానిలో 60 వర్కర్లు, మొత్తం 180! ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని డేటాబేస్ తెంచేసే గడువు, వెయిట్ టైమౌట్ ఏమో 28800 సెకన్లు, అంటే 8 గంటలు.

ఆ పెర్సిస్టెంట్ లైన్ తీసేసి, ఒక్కో సర్వర్‌లో వర్కర్లను 40కి తగ్గించి, ఎఫ్‌పీఎం రీస్టార్ట్ చేస్తే చాయ్ చల్లారేలోపు సైట్ లేచింది. 151నే పెంచేయొచ్చుగా అన్నా, అని మా టీమ్ కుర్రాడు అడిగాడు. పెంచొచ్చు, కానీ ప్రతి కనెక్షనూ కొంత మెమరీ తింటుంది, మా డేటాబేస్ సర్వర్‌లో అంత లేదు. పైగా కోడ్‌లో ఫంక్షన్ ఫంక్షన్‌కీ కొత్త పీడీవో కనెక్షన్ తెరుస్తున్నారు, సోమవారం కూర్చుని అన్నిటికీ ఒకే పీడీవో ఆబ్జెక్ట్ అందేలా మార్చాం.