మహేంద్రగిరికి మోసుకెళ్లిన తీగ

గత డిసెంబరులో శ్రీకాకుళం నుంచి పర్లాకిమిడి వెళ్లినప్పుడు నా సంచిలో రెండు జతల బట్టలు పోగా మిగిలినదంతా రాగి తీగ చుట్టలు, టంకం సామాను, అయిదు వాట్ల చిన్న హ్యాం రేడియో సెట్టు (లైసెన్సు తీసుకుని అభిరుచి కొద్దీ మాట్లాడుకునే వైర్‌లెస్). 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీద విరుచుకుపడినప్పుడు, పర్లాకిమిడిలో ఉన్న మా మేనమామ కుటుంబం క్షేమ సమాచారం మూడు రోజుల వరకు మాకు అందలేదు. ఆ తరువాతే నేను పరీక్ష రాసి లైసెన్సు తీసుకున్నాను. ఒక్క చేత్తో మోయగలిగిన ఏంటెన్నా కట్టుకుని ఆ కొండల మధ్య నుంచి మాట్లాడి చూడాలన్నది అప్పటి కోరికే.

నేను ఎంచుకున్నది లింకుల డైపోల్, అంటే నడిమి నుంచి రెండు వైపులా సమానంగా సాగే తీగ ఏంటెన్నా; పొడవు మార్చుకోడానికి దారిలో విప్పి బిగించే అతుకులే లింకులు. నడిమి నుంచి రెండు వైపులా సుమారు అయిదేసి మీటర్ల తీగ ఉంటే అది 20 మీటర్ల బ్యాండుకు, అంటే తరంగదైర్ఘ్యం సుమారు 20 మీటర్లుండే తరంగాలకు, సరిపోతుంది. దాని చివర మరో అయిదు మీటర్లు తగిలిస్తే 40 మీటర్ల బ్యాండు పలుకుతుంది. తగిలించడానికి మోటారుసైకిలు వైరింగులో వాడే బుల్లెట్ కనెక్టర్లు వాడాను. లాగుడు బలం కనెక్టరు మీద పడకుండా, పీవీసీ గొట్టం ముక్కకు రెండు బెజ్జాలు వేసి తీగను దానికి ముడివేశాను. దూరపు దేశాలకు 20 మీటర్ల బ్యాండు మంచిదే గానీ నాకు అసలు అవసరం రెండోదానితోనే. పగటిపూట తక్కువ ఎత్తున కట్టిన 40 మీటర్ల తీగ తరంగాలను దాదాపు నిట్టనిలువుగా పైకి పంపుతుంది, అవి పై వాతావరణంలోని విద్యుదావేశిత పొర అయిన అయనోవరణం నుంచి వెనక్కు వచ్చి చుట్టుపక్కల జిల్లాల మీద పడతాయి కాబట్టి మధ్యలో కొండ ఉన్నా అడ్డం కాదు.

మావయ్య మేడ మీద వెదురు గెడ నిలబెట్టి, చివరలను జామచెట్టుకు, పిట్టగోడలో కొట్టిన మేకుకు కట్టాము. 143ను మెగాహెర్ట్జ్‌లలో పౌనఃపున్యంతో భాగిస్తే మీటర్లలో పొడవు వస్తుందన్న లెక్క ప్రకారం 40 మీటర్ల బ్యాండులోని 7.1కి మొత్తం 20.14 మీటర్లు కోశాను. కానీ అది బోడి తీగ లెక్క. ప్లాస్టిక్ తొడుగు ఉండటం వల్ల, చివరలు నేలకు దగ్గరగా వాలడం వల్ల అనునాదం (తీగ బాగా పలికే పౌనఃపున్యం) 6.9 దగ్గర తేలింది. ఒక్కో వైపు 29 సెంటీమీటర్లు కత్తిరించి సంతోషించాను. తరువాత లింకులు విప్పి 20 మీటర్ల బ్యాండు చూస్తే 13.75, లోపలి ముక్కలు ఒక్కోటి 16 సెంటీమీటర్లు తగ్గించాల్సి వచ్చింది. లోపలి ముక్క తగ్గితే మొత్తం పొడవూ తగ్గుతుందన్న చిన్న విషయం నాకు అప్పుడు గాని తట్టలేదు. లింకులు మళ్లీ బిగించి చూసేసరికి 40 మీటర్ల అనునాదం 7.2 దాటిపోయింది, మన దేశంలో ఆ బ్యాండు హద్దు అక్కడితో సరి.

“ఏటిరా అల్లుడూ, పొద్దుట్నించీ కొయ్యడమేనా, మళ్లీ అతికించడమా?” అని మావయ్య నవ్వాడు. చివరలకు 16 సెంటీమీటర్ల ముక్కలు టంకం పెట్టి అతికించడం తప్ప వేరే దారి లేకపోయింది. ముందుగా 20 మీటర్ల బ్యాండు, ఆ తరువాత 40 మీటర్ల బ్యాండు అని అప్పుడే సంచి మీద స్కెచ్ పెన్నుతో రాసుకున్నాను.

మరునాడు జీపులోనూ, తరువాత కాలినడకనూ 1501 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరి ఎక్కాము. దారి చూపిన సవర కుర్రవాడు నా గెడ మోస్తానన్నాడు గాని, అది ఫైబర్‌గ్లాస్ గాలపు కర్ర, బరువేమీ లేదు. కార్బన్ కర్ర కొనకూడదు, అది విద్యుత్తును ప్రవహింపనిచ్చి తీగను గందరగోళపరుస్తుంది. బరువు తగ్గించడానికి తెచ్చిన సెట్టును ఏంటెన్నాకు కలిపే సన్నని ఆర్‌జీ-174 కేబుల్ గురించి మాత్రం నాకు పశ్చాత్తాపం కలిగింది: పది మీటర్లకు 14 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక డెసిబెల్ పైచిలుకు నష్టం, అంటే నా అయిదు వాట్లలో ఒక వాటు దారిలోనే వేడైపోతుంది.

భీముడి గుడికి దూరంగా, మనుషులు నడవని చోట కర్ర నిలబెట్టి, చివరలు ఎవరి చేతికీ అందకుండా పొదల మీదుగా కట్టాను. ప్రసారం చేసేటప్పుడు అక్కడే వోల్టేజి ఎక్కువ. పొగమంచుకు తీగ తడిసి అనునాదం కాస్త కిందికి జారింది, అయినా సెట్టు ఒప్పుకుంది. 20 మీటర్లలో విదేశీ స్టేషన్లు స్పష్టంగా వినిపించాయి గాని నా పిలుపుకు ఒక్కరూ బదులివ్వలేదు. లింకులు బిగించి 40కి మారాక, మధ్యాహ్నం పన్నెండు దాటిన తరువాత విశాఖపట్నం మిత్రుడు మొదటి పిలుపుకే పలికాడు. గాలికి మైకులో గరగర వినిపిస్తున్నదని, మాట మాత్రం తెలుస్తున్నదని చెప్పాడు.

సాయంత్రం ఇంటికి చేరి ఆ సంగతి చెప్పి, మేడ మీది మేకు పీకబోయాను. “ఉండనీరా, మళ్లీ తుఫాను వస్తే నువ్వు కట్టుకోడానికి కావాలి కదా” అన్నాడు మావయ్య.