టేప్ రికార్డర్ బోర్డు: నాలుగోసారీ తెల్ల పొరే

పోలేదు. నాలుగోసారి కడిగినా ఆ తెల్ల పొర పోలేదు. నాన్న టేప్ రికార్డర్‌లో మూడు కెపాసిటర్లు మార్చాను, పాట శుభ్రంగా వస్తోంది. సోల్డర్ బాగా అంటుకోవడానికి డబ్బాలోంచి తీసి పూసిన ఫ్లక్స్ మరకలను ఆల్కహాల్‌తో కడగబోతే వచ్చింది ఈ పొర. టేపును చదివే హెడ్, దాన్ని లాగే కడ్డీ క్యాప్‌స్టన్ ఒక్క తుడుపుకే మెరిశాయి. బోర్డు వెనక మాత్రం ఇంకా ఒకచోట సున్నం కొట్టినట్టే ఉంది.

మొదటిసారి వాడింది ఇంట్లో ఉన్న స్పిరిట్, సూది వేసే ముందు దూదితో రాసేది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 70 శాతం, మిగతాది నీళ్లు. అమెరికాలో ఉన్న మా బావ దీన్నే రబ్బింగ్ ఆల్కహాల్ అంటాడు; ఒళ్లు నొప్పులకు రుద్దుకునేవాళ్లు కాబట్టి ఆ పేరు. క్రిములు చంపడానికి 70 శాతమే మేలు, నీళ్లుంటే త్వరగా ఆవిరైపోదు. మన సర్జికల్ స్పిరిట్ సీసాల్లో కొన్ని ఇథనాల్‌వి, లేబుల్ చూసి కొనాలి. 10 మి.లీ. పోసి టూత్‌బ్రష్‌తో రుద్దాను. ఆరు నిమిషాల్లో ఆరింది, తెల్లబడింది.

రెండోసారి 99 శాతం. పొర పలచబడింది కానీ బోర్డంతా పాకింది. మూడోసారి స్టీలు గిన్నెలో పావుగంట నానబెట్టాను. బుద్ధి తక్కువ పని. వాల్యూమ్ కంట్రోల్‌లో గ్రీజు కొట్టుకుపోయి ఇప్పుడు తిప్పితే గరగరమంటోంది. నాలుగోసారి ఆరకముందే టిష్యూతో అద్దాను. కొత్త కెపాసిటర్ల దగ్గర 2 సెం.మీ. మచ్చ తప్ప అంతా పోయింది. ఆ మచ్చ మీద రెండు ట్రాకుల మధ్య మల్టీమీటర్ 3 మెగా ఓమ్‌లు చూపిస్తోంది, శుభ్రమైన చోట ఏమీ చూపించదు; అంటే మచ్చ గుండా కొంచెం కరెంటు కారుతోంది.

విశాఖ ఉక్కను అనుమానించాను: ఆల్కహాల్ ఆవిరవుతూ బోర్డును చల్లబరిస్తే గాలిలో తేమ పడుతుంది కదా. ఏసీ వేసి తేమను 82 నుంచి 55 శాతానికి దించి మళ్లీ తుడిచినా అదే మచ్చ. ఇక తప్పు ఆ డబ్బా ఫ్లక్స్‌దే అనుకుంటున్నా. అందులోని రోసిన్ (పైన్ చెట్టు బంక) ఆల్కహాల్‌లో కరుగుతుంది, దాంతో కలిపే లవణాలు సరిగా కరగవు. నీళ్లలో తడిపిన ఇయర్‌బడ్‌తో గోరంత మేర తుడిచి చూశాను. పోయింది, రాత్రికి కూడా తిరిగి రాలేదు. మరి మొదటిసారి 30 శాతం నీళ్లు ఏం చేశాయి? కరిగించి, తీసేయకుండా అక్కడే ఆరబెట్టాను, అంతే అయ్యుంటుంది.

ఆదివారం ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ గోరువెచ్చగా చేసి రుద్ది, 99 శాతంతో కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెడతా. ఆల్కహాల్ ఆవిరి చటుక్కున అంటుకుంటుంది, కాబట్టి అది పూర్తిగా ఎగిరిపోయేదాకా డ్రయ్యర్ వేయకూడదు, సోల్డరింగ్ ఐరన్ ప్లగ్ తీసే ఉంచాలి. టేపును క్యాప్‌స్టన్‌కు అదిమే పించ్ రోలర్‌కు మాత్రం ఆల్కహాల్ పూయను, రబ్బరు గట్టిపడుతుందని నా భయం. దానికి సబ్బునీళ్లే. ఆ తర్వాత బెల్టు వెతకాలి, పాతది సాగి వేలాడుతోంది.