మంగళవారం, 22 నిమిషాలు

తెల్లవారుజామున 4:50కి మూలుగు వినిపించింది. పెద్ద ఏడుపు కాదు. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు చిన్న మూలుగు, ఆగి మళ్లీ ఇంకోటి. కుక్కపిల్లని తెచ్చుకున్న ఈ పన్నెండు రోజుల్లో నేను నేర్చుకున్న విద్య ఏదైనా ఉందంటే అది ఏడుపుల్లో రకాలు పట్టుకోవడం. ఇది "ఒకటికి వెళ్లాలి" మూలుగు. లేచి, దాన్ని చంకనేసుకుని డాబా మీదికి మెట్లెక్కాను. లిఫ్టు కోసం నిలబడితే నా నైటీ పని అయిపోతుంది. మొన్న అయింది కూడా.

వాటర్ ట్యాంకు పక్కన పాత తొట్టిలో మట్టి పోసి, పైన కాస్త గడ్డి పరిచాం. ప్రస్తుతానికి అదే దాని బాత్రూం. కింద నేల మీద దింపకూడదు. మొదటి టీకా పడింది మొన్న శనివారమే. మిగతావి పూర్తయ్యేదాకా వేరే కుక్కలు తిరిగే చోట వదలొద్దని, ఈ వయసులో పార్వో అనే వైరస్ జబ్బు వస్తే తట్టుకోవడం కష్టమని డాక్టరు గట్టిగా చెప్పారు. పుట్టి పెరిగిందే ఆ కుక్కల మధ్యన అని చెబితే, "అందుకే ఇంకా జాగ్రత్తగా ఉండాలి" అన్నారు.

పేరు ఉలవ. మా వాడు టైగర్ అని పెడతానన్నాడు. ఆడపిల్లకి టైగర్ ఏమిట్రా, ఉలవల రంగులో ఉంది, ఉలవ అందాం అని అత్తయ్య తేల్చేశారు. 

మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో, జనరేటర్ వెనకాల, వాచ్‌మన్ వేసిన గోనెసంచి మీద ఐదు పిల్లలు పుట్టాయి. ఒకటి కారు చక్రం కింద పడింది. అప్పటిగ్గానీ మాలో ఎవరికీ కదలిక రాలేదు. మిగిలినవాటికి ఎనిమిది వారాలు నిండేదాకా ఆగి, ఒకదాన్ని మేం, ఒకదాన్ని పక్క వీధి వాళ్లు తెచ్చుకున్నాం. రెండు తల్లి దగ్గరే ఉన్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ ఒకదాని మీద ఒకటి పడి, ఏ కాలు ఎవరిదో తెలియకుండా కుప్పగా నిద్రపోయిన ప్రాణి ఇది. దాన్ని పట్టుకొచ్చి ఒక్కదాన్నీ పడుకోమన్నాం. ఈ సంగతి నాకు మొదటి రోజే తోచి ఉంటే బాగుండేది.

తోచలేదు. మూడున్నర వేలు పోసి 30 అంగుళాల ఇనప క్రేట్, అంటే కుక్కని ఉంచే చువ్వల పెట్టె, తెప్పించాను. లేచి నిలబడడానికి, చుట్టూ తిరగడానికి, కాళ్లు చాపుకుని పడుకోవడానికి సరిపోవాలి, అంతకంటే పెద్దదైతే ఒక మూల పడుకుని ఇంకో మూల పాడుచేస్తుంది అని చదివి, మధ్యలో అడ్డు కూడా పెట్టాను. కొలతలన్నీ చక్కగా చూసుకున్నదాన్ని, మొదటి రాత్రే ఉలవని అందులో పెట్టి, హాల్లో వదిలి తలుపేసి పడగ్గదిలోకి వెళ్లిపోయాను. తెలిసినావిడ ఒకరు "రెండు రాత్రులు ఏడవనివ్వండి, మూడో రాత్రికి దానికే అలవాటవుతుంది" అన్నారు మరి. రెండు గంటల పైన ఏడ్చింది. దుప్పటి ముసుగేసుకుని ఫోన్లో టైం చూస్తూ పడుకున్నాను. రెండున్నరకి ఆగింది. "చూశావా?" అన్నారు ఈయన.

పొద్దున చూస్తే కింద పరిచిన బొంత చొంగతో తడిసి ముద్దయింది. ముక్కు మీద చువ్వలకి గీరుకుపోయి ఎర్రటి గాటు. పెట్టిన తిండి పెట్టినట్టే ఉంది. అలవాటయ్యి కాదు, సత్తువ అయిపోయి ఆగింది. ఎదురింటావిడ తలుపు కొట్టి, "కుక్కపిల్ల బాగానే ఉందా అండీ?" అని మెల్లిగా అడిగి వెళ్లారు. తిట్టినా అంత సిగ్గనిపించేది కాదు.

అదే రోజు మధ్యాహ్నం అత్తయ్య ఊరి నుంచి దిగారు. క్రేట్ చూసి అన్న మొదటి మాట: "ఏం నేరం చేసిందమ్మాయ్, బోనెక్కించారు?" నిజానికి ఆ పూట బోనులో నిలబడ్డది నేనే. 

కానీ నా ఇబ్బంది నాది. వచ్చే సోమవారం నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకి రమ్మన్నారు. ఈయన పొద్దున వెళ్తే రాత్రికే. మా వాడికి స్కూలు. శుక్రవారం అత్తయ్య ఊరెళ్లిపోతారు. అందుకని క్రేట్‌లో ఒంటరిగా ఉండడం దానికి మళ్లీ మొదటి నుంచి నేర్పడం మొదలుపెట్టాను, ఈసారి అత్తయ్య కాపలాలో. "మా ఇంట్లో కోళ్లని గంప కింద మూసేవాళ్లం కదా. చీకటిపడే వేళకి గంప దగ్గరికి అవే వచ్చేవి. అందులో ఉంటే పిల్లి రాదని వాటికి తెలుసు. దీనికేం తెలుసు?" అన్నారావిడ. నేను ఇంటర్నెట్లో మూడు రాత్రులు చదివిన దానికంటే ఆ ప్రశ్నే ఎక్కువ పనికొచ్చింది.

మొదట క్రేట్ తలుపుని తాడుతో వెనక్కి కట్టేశాను, దానంతటది పడకుండా. గిన్నె ఒకరోజు గుమ్మం దగ్గర, మర్నాడు మధ్యలో, ఆ మర్నాడు చివర. తింటుండగా తలుపు దగ్గరికి వేసి, తినడం అయ్యేలోపే తీసేయడం. తర్వాత పది సెకన్లు. తర్వాత నేను లేచి నిలబడడం. తర్వాత వంటింటి గోడ వెనక్కి. వాచ్‌మన్ని అడిగి ఆ గోనెసంచిలో జానెడు ముక్క కోసి తెచ్చాను. గోమార్లు ఉంటాయని ఒక పగలంతా డాబా మీద ఎండలో వేశాను. వాసన పోయిందేమో అని బెంగ పడ్డాను కానీ, దాని ముక్కు ముందు మన ఎండ ఏ మూలకి? లోపల వేయగానే నాలుగు చుట్లు తిరిగి, ముట్టె అందులో దూర్చి పడుకుంది. 

ఇంకో తంతు తాళాలది. నేను తాళాలు తీస్తే చాలు చెవులు నిక్కబొడిచేది. అందుకని రోజుకి పదిసార్లు తాళాలు గలగలలాడించి, చెప్పులేసుకుని, వచ్చి సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఈయన చూసి ఏమీ అనకుండా తప్పుకున్నారు.

తమ్ముడు స్వీడన్‌లో ఉంటాడు. ఆదివారం వీడియో కాల్లో క్రేట్ చూసి, "అక్కా, ఇక్కడ ఇంట్లో కుక్కని ఇలా పెట్టి తలుపేస్తే చట్టం ఒప్పుకోదు" అన్నాడు. ప్రయాణాల్లాంటి వాటికి తప్ప కుదరదట. పగటిపూట కనీసం ఆరు గంటలకోసారి బయటికి తీసుకెళ్లాలని కూడా రూలుందట. అమెరికాలో ఉన్న ఆడపడుచు మాత్రం "క్రేట్ లేకుండా కుక్కపిల్లని ఎలా పెంచుతారు వదినా?" అంటుంది. ఇద్దరి మధ్యా కూకట్‌పల్లిలో నేను. ఆలోచించి ఒకటి తేల్చుకున్నాను. తలుపేసిన క్రేట్ కాసేపటికే. ఆఫీసు రోజుల్లో బాల్కనీ వైపు మూలకి మడత కంచె పెట్టి, అందులో క్రేట్ తలుపు తీసే ఉంచడం. ఎన్ని నెలలుంటే దానికి ఒకటి కలిపి అన్ని గంటలు ఆపుకోగలదు అంటారు, ఆ లెక్కన దీనికి మూడు గంటలు ఎక్కువలో ఎక్కువ. వాచ్‌మన్ భార్యని అడిగితే పన్నెండింటికి, మూడింటికి వచ్చి చూస్తానంది. "పాపం, దాని తల్లిని నేను చూస్తలేనా మేడం" అంది కూడా.

ఇక ఈరోజు లెక్క. మా వాడు గోడ మీద తెలుగు క్యాలెండర్లో అది క్రేట్‌లో ఒంటరిగా ఉన్న నిమిషాలు ఏ రోజువి ఆ రోజు గడిలో రాస్తున్నాడు. తిథికీ నక్షత్రానికీ మధ్య చోటు లేక పెన్సిల్ గీతలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి.

8:40కి వాడు బస్సెక్కాక పావుగంట ఆడించి, డాబాకి తీసుకెళ్లొచ్చి, కళ్లు మూతలు పడుతున్నప్పుడు లోపల పెట్టాను. ఈ వయసులో రోజుకి 18 నుంచి 20 గంటలు నిద్రే కాబట్టి, మన పని దాని నిద్రకి ముడిపెట్టుకోవాలి తప్ప మన టైంకి దాన్ని పడుకోబెట్టలేం. 3 నిమిషాలు, వంటింట్లో. శబ్దం లేదు. పదింబావుకి 7 నిమిషాలు, బయట మెట్ల మీద. పాత ఫోన్ని కందిపప్పు డబ్బాకి ఆనించి, దాంట్లోంచి నా ఫోన్‌కి వీడియో కాల్ పెట్టుకున్నాను. మెట్ల మీద కూర్చుని ఫోన్లోకి చూస్తుంటే పై ఫ్లోర్ ఆయన "బయట తాళం పడిపోయిందా?" అన్నారు. అవునన్నాను. ఎవరికని వివరిస్తాం. పన్నెండింటికి 12 నిమిషాలు, డాబా మీద బట్టలారేస్తూ. 

లోపల దానికో రబ్బరు బొమ్మ ఇస్తాను, బోలుగా ఉండేది. పెరుగన్నం, ఉడికించిన గుమ్మడికాయ కలిపి కూరి, ఫ్రీజర్లో పెట్టి గట్టిపడ్డాక. నాకడానికి పది నిమిషాలు పడుతుంది. వేరుశనగ వెన్న కూడా పెట్టొచ్చు కానీ, డబ్బా మీద జైలిటాల్ అని ఉంటే ముట్టుకోకూడదు. ఆ తీపి కుక్కలకి విషం. ఉల్లిపాయ కూడా పడదని తెలిసినప్పటి నుంచి అత్తయ్య సాంబారన్నం పెట్టడం మానేశారు, మనసొప్పకపోయినా.

మూడు దాటాక మళ్లీ చెప్పులేసుకున్నాను. "మంగళవారం మూడింటి నుంచి నాలుగున్నరదాకా రాహుకాలం" అన్నారు అత్తయ్య, పత్తి వత్తులు చేసుకుంటూ తలెత్తకుండానే. "కుక్కకి రాహుకాలం ఏమిటి అత్తయ్యా, మీరు కూడా రండి, ఇంట్లో ఎవరూ ఉండకూడదు" అని ఆవిణ్ణీ బయటికి తీసుకొచ్చేశాను. నాలుగో నిమిషంలో వీధిలోకి పాత సామాన్ల ఆటో వచ్చింది, మైకులో రికార్డు పెట్టుకుని. ఉలవ ఉలిక్కిపడి లేవడం ఫోన్లో కనిపించింది. ఇక ఏడుపు ఎత్తుకుంది. పొద్దుటి మూలుగు లాంటిది కాదు. గొంతు పైకి లేచి, చివర్లో వంకర తిరిగే ఏడుపు, మొదటి రాత్రిది. ఏడుస్తున్నప్పుడు తలుపు తీస్తే ఏడ్చి సాధించుకోవడం నేర్చుకుంటుందని చాలామంది చెబుతారు. మారాం ఏడుపుకి అది సరిపోతుందేమో. భయపడ్డదానికి పాఠం ఎక్కుతుందా? ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగింది, తలుపు తీసేశాను. బొంత తడిపేసింది. ఒళ్లో పెట్టుకుంటే గుండె నా అరచేతిలో కొట్టుకుంటోంది.

అత్తయ్య రాహుకాలం మాట ఎత్తలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. లోపలికెళ్లి తన పాత మంగళగిరి చీర ఒకటి తెచ్చి, మూడు వైపులా కప్పి, ముందు వైపు గాలికి వదిలేశారు. "గంపలో చీకటిగా ఉంటుందమ్మాయ్. దీనికి నాలుగు పక్కలా చువ్వలాయె." స్కూలు నుంచి వచ్చాక మా వాడు గడిలో "4, ఆటో" అని రాశాడు. ఆ తర్వాత ఒక్క నిమిషం మాత్రమే, అదీ నేను ఎదురుగా కూర్చునే. భయంతో ముగిస్తే రేపు గుమ్మం కూడా తొక్కదు.

ఆరు దాటాక అందరం కిందికి దిగాం. పెరుగు ప్యాకెట్, కొత్తిమీర కావాలి. లిఫ్టులో సిగ్నల్ పోయింది, వీడియో ఆగిపోయింది. సెల్లార్లో అసలే రాదు. నేను వెనక్కి పరిగెత్తబోతే అత్తయ్య మణికట్టు పట్టుకున్నారు. "ఏడిస్తే ఎదురింటావిడ చెప్పదూ? పద."

జనరేటర్ దగ్గర తల్లికుక్క పడుకుని ఉంది. నన్ను చూసి లేచి వచ్చింది. ఎప్పుడూ తోక ఊపి వెళ్లిపోయేది, ఈసారి నా చున్నీ కొస దగ్గర ఆగింది. మధ్యాహ్నం ఉలవని చుట్టుకున్న చోటు అది. వాసన చూసింది. ముక్కు అక్కడే పెట్టి చాలాసేపు నిలబడింది. నేను కదల్లేదు. వెనక నుంచి మిగిలిన రెండు పిల్లలు వచ్చి పొట్ట కింద దూరితే, వాటితో వెళ్లిపోయింది. మా వాడు "దానికి తెలిసిందా అమ్మా?" అన్నాడు. కొట్టు మూసేస్తారు పద అన్నాను.

తిరిగొచ్చి తలుపుకి చెవి ఆనించాం ముగ్గురం. చడీ చప్పుడూ లేదు. మొదటి రాత్రి తర్వాత నాకు నిశ్శబ్దమంటేనే ఎక్కువ టెన్షన్. మెల్లిగా తీస్తే, గోనెముక్క మీద వెల్లకిలా, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులా. రబ్బరు బొమ్మ ఖాళీ. చీర కొంగు ఒక చేరెడు లోపలికి లాగి నమిలేసింది. 22 నిమిషాలు. మా వాడు తొందరలో బుధవారం గడిలో రాసేశాడు. అత్తయ్య చిరిగిన కొంగు చేతిలోకి తీసుకుని చూసి, "ఎలాగూ కట్టనిది" అని, మళ్లీ సరిచేసి కప్పారు.

రాత్రి క్రేట్ నా మంచం పక్కనే, తలుపు తీసి. ఈయన నిద్రపోయారు. ఇది రాస్తుంటే 11:35కి చిన్న శబ్దం వచ్చింది. ఒకటికి వెళ్లే మూలుగు కాదు, ఆకలిది కాదు, భయానిది అంతకంటే కాదు. పెదాలు మూసుకుని లోపల్లోపలే మొరిగినట్టుంది. ఇది నా లెక్కలో లేదు. ఫోన్ లైటు వేసి చూశాను. కళ్లు మూసుకునే ఉంది. ముందు కాళ్లు రెండూ ఆడిస్తోంది, ఎవరినో తరుముతున్నట్టు. లైటు ఆపేశాను.