నా మొదటి అధ్యక్ష ఓటు: రెండో పేరుతో మొదలుపెట్టా

అమెరికా పౌరసత్వ పరీక్షకు అప్పట్లో బట్టీ పట్టిన 100 ప్రశ్నల్లో ఒకటి: అధ్యక్షుడు పదవిలో కొనసాగలేకపోతే ఆ కుర్చీ ఎవరిది? ఉపాధ్యక్షుడిది. 2024లో టెక్సాస్‌లో మొదటిసారి ఓటెయ్యాల్సి వచ్చినప్పుడు ఆ ప్రశ్నే పట్టుకు కూర్చున్నా.

నమోదుకు పెద్ద తలనొప్పి లేదు. ఆన్‌లైన్ లేదు కాబట్టి ఫారం నింపి, సంతకం పెట్టి, అక్టోబర్ 7 లోపు పోస్టులో పడేస్తే సరి. టెన్షనంతా ఎవరికి వెయ్యాలన్నదే.

హామీలదేముంది, ఎవరైనా ఇస్తారు. రన్నింగ్ మేట్, అంటే తనతో నిలబడే ఉపాధ్యక్ష అభ్యర్థి, ఎంపిక మాత్రం పదవి రాకముందే చేసి చూపించాల్సిన పని. అందుకే పాత కథలు తిరగేశా. 1972లో డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి జార్జ్ మెక్‌గవర్న్ ఆఖరి రోజు హడావిడిలో సెనేటర్ థామస్ ఈగిల్టన్‌ను ఖాయం చేశాడు. ఆయన డిప్రెషన్‌కు ఆసుపత్రిలో షాక్ చికిత్స తీసుకున్నాడని తర్వాత బయటపడింది. 'నూటికి వెయ్యి శాతం ఆయన వెంటే' అన్న మెక్‌గవర్న్ కొద్ది రోజులకే తప్పించాడు. నన్నడిగితే జబ్బు చెయ్యడం ఈగిల్టన్ తప్పు కాదు. ముందు తరచి చూడకపోవడం, తర్వాత మాట మీద నిలబడకపోవడం మాత్రం మెక్‌గవర్న్‌వే. 2008లో ఒబామా మీద నిలబడ్డ రిపబ్లికన్ మెకెయిన్‌కు 72 ఏళ్ళు. ఒబామాకు అనుభవం లేదని ఏకుతూనే, అలాస్కా గవర్నరుగా రెండేళ్ళు నిండని సారా పేలిన్‌ను తెచ్చాడు. సెనేటర్ జో లీబర్‌మన్‌ను తీసుకోవాల్సిందని పదేళ్ళ తర్వాత మెకెయినే అన్నాడు.

ఇక 2024. ట్రంప్ రన్నింగ్ మేట్ వాన్స్ భార్య ఉషా చిలుకూరి పూర్వీకులది పశ్చిమ గోదావరి వడ్లూరు. ఇంకేం, వాట్సాప్‌లో పండగే. "మన గోదావరి అల్లుడురా, ఇంకా ఆలోచనెందుకు?" అని బాబాయి ఫోన్. "ఆయన ఎవరింటి అల్లుడైతే ఏంటి బాబాయ్, ట్రంప్ ఆయన్నే ఎందుకు తీసుకున్నాడో చెప్పు" అన్నా. ఒకప్పుడు తనను గట్టిగా తిట్టిన, సెనేట్‌లో రెండేళ్ళు కూడా లేని 39 ఏళ్ళ మనిషిని 78 ఏళ్ళాయన ఎంచుకోవడం ధీమా అనాలా, విధేయతకు బహుమతి అనాలా? అటు బైడెన్ తప్పుకున్నాక బరిలోకి దిగిన కమలా హారిస్‌కు రన్నింగ్ మేట్‌ను వెతకడానికి దొరికిందే రెండు వారాలు. గెలుపుకు కీలకమైన పెన్సిల్వేనియా గవర్నర్ షపీరోను పక్కనపెట్టి మిన్నెసోటా గవర్నర్ వాల్జ్‌ను తీసుకుంది. ఓట్ల లెక్కల కన్నా పొత్తు కుదిరే మనిషి ముఖ్యమనుకుందేమో. అక్టోబర్ 1న వాన్స్, వాల్జ్‌ల డిబేట్ చూస్తున్నంతసేపూ వీళ్ళలో ఎవర్ని ఆ కుర్చీలో ఊహించుకోగలనా అనే చూశా.

ఓటు తెరమీద రెండు పేర్లూ ఒకే గడిలో ఉంటాయి, విడదీసి వెయ్యడానికి లేదు. ఎవరికి వేశానో బాబాయికి చెప్పలేదు. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.