సెలయేటికి కుళాయి

"అక్కా, ఇప్పుడు మనం ఒక పెద్ద రోడ్డు దాటాం, తెలుసా?" అన్నాడు తమ్ముడు.

నాకు ఏ రోడ్డూ కనపడలేదు. చుట్టూ చెట్లు, పొదలు, మెలికలు తిరిగే కాలిబాట, అంతే. వెనక్కి నాలుగడుగులు వేసి పొదల సందులోంచి తొంగిచూస్తే, కింద రాతిగోడల మధ్య బస్సులూ టాక్సీలూ బారులు తీరి పోతున్నాయి! గాలి హోరనుకున్నది వాటి చప్పుడే.

న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు వెళ్లేటప్పుడు నా లెక్క వేరు. ఊరు పెరుగుతూ పెరుగుతూ మిగిల్చిన అడవి ముక్క కాబోలు అనుకున్నాను. కానీ అది 843 ఎకరాల కట్టడమట. 1858లో డిజైన్ పోటీ గెలిచినవాళ్లు ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్. తమను ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులని, అంటే నేలనూ చెట్లనూ నీళ్లనూ తీర్చిదిద్దేవాళ్లమని, చెప్పుకున్న తొలితరం వాళ్లు. పార్కుకు అడ్డంగా నాలుగు రోడ్లు ఉండి తీరాలన్నది పోటీ నిబంధన. వీళ్లు ఆ నాలుగింటినీ దాదాపు ఎనిమిది అడుగుల లోతుకు దించి, పైన వంతెనల మీదుగా బాటలు నడిపి, అంచుల్లో చెట్లు, పొదలు నాటించారు. అప్పటికి మోటారుకారు పుట్టనేలేదు, గుర్రబ్బండ్ల గోల తప్పించడానికే ఇదంతా!

ఎల్మ్ చెట్ల నీడలో తిన్నగా సాగే 'మాల్' అనే నడకదారి దాటి, చెరువు పక్కనుంచి 'ర్యాంబుల్' అనే చోటికి చేరాం. ఇక్కడ ఏ బాటా పది గజాలు నేరుగా పోదు. మలుపులో ఓ బండ, దాని వెనక ఓ పొద, అవతలేముందో చూద్దామని కాళ్లు వాటంతటవే కదులుతాయి. అలా పోగా పోగా రాళ్ల మీంచి జారే సన్నటి సెలయేరు కనిపించింది. వంగి చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. రాళ్ల అంచున నాచు, మధ్యలో ఓ పిచ్చుక స్నానం.

"కుళాయి తిప్పితే ఆగిపోతుందిది" అన్నాడు వాడు.

నిజమే. అది ఊరికి సరఫరా అయ్యే నీళ్లే. చెరువులూ అంతే, బురదనేలను తవ్వి చేసినవి. మొక్కలు బతకడానికి న్యూజెర్సీ నుంచి మంచి మట్టి తెప్పించారు. కాసేపు మోసపోయినట్టనిపించింది. పిచ్చుకకు మాత్రం ఆ పట్టింపేమీ లేదు.

ఆ తర్వాత దారి తప్పాం. ఫోన్‌లో మ్యాప్ చూస్తే ఇంకా టెన్షన్. తమ్ముడు ఓ దీపస్తంభం దగ్గరికి లాక్కెళ్లి, దాని మీది చిన్న రేకు చూపించాడు. నాలుగంకెలు. మొదటి రెండూ దగ్గర్లోని వీధి నంబరు. చివరిది సరిసంఖ్య అయితే తూర్పు వైపు, బేసి అయితే పడమర. అయిదు నిమిషాల్లో బయటపడ్డాం.

సాయంత్రం పడమటి వైపు ఓ పచ్చికలో కూర్చున్నాం. అక్కడ సెనెకా విలేజ్ ఉండేది. 1825లో మొదలైన ఊరు, రెండొందలకు పైగా జనం, ఎక్కువమంది నల్లజాతివాళ్లు, మూడు చర్చిలు. ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో నల్లజాతి మగవాడికి ఓటు కావాలంటే 250 డాలర్ల ఆస్తి చూపించాలి. అందుకే వాళ్లకు ఆ జాగా అంత విలువైంది. పార్కు కోసం 1857 నాటికి అందరినీ ఖాళీ చేయించారు. డిజైన్ పోటీ ఫలితం కూడా రాకముందే.

గడ్డిలో ఏ గుర్తూ కనిపించలేదు. పక్కన దీపస్తంభం ఉంటే లేచి వెళ్లి చూశాను. అంకెలు 85తో మొదలై బేసితో ముగిశాయి.