డబ్ల్యూపీఎస్‌ని డాకర్‌లో పెట్టేవాళ్లకి

డబ్ల్యూఆర్ఎఫ్ వాతావరణ మోడల్‌కి ఇన్‌పుట్ తయారుచేసే డబ్ల్యూపీఎస్‌ని డాకర్ కంటైనర్‌లో పెడుతుంటే, జియోగ్ డేటాని (నేల ఎత్తు, నేల వాడకం లాంటి భూగోళ సమాచారం) మాత్రం ఇమేజ్‌లోకి ఎక్కించకండి. హై రిజల్యూషన్ సెట్ విప్పితే దాదాపు 29 జీబీ! హోస్ట్‌లోనే ఉంచి రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి, నేమ్‌లిస్ట్‌లో (డబ్ల్యూపీఎస్ సెట్టింగుల ఫైల్) కంటైనర్ లోపలి పాత్ రాయండి.

డబ్ల్యూపీఎస్‌లో మూడు ప్రోగ్రాములు: జియోగ్రిడ్, అన్‌గ్రిబ్, మెట్‌గ్రిడ్. జియోగ్రిడ్‌ని డొమైన్ (మోడల్ లెక్కలు కట్టే ప్రాంతం) మారితేనే మళ్లీ నడపాలి. గొడవంతా గ్రిబ్ ఫైళ్లలోంచి వాతావరణ డేటా తీసే అన్‌గ్రిబ్ దగ్గరే. గ్రిబ్-2 ఫైళ్లు చదవాలంటే జాస్పర్, పీఎన్‌జీ, జీలిబ్ లైబ్రరీలు మూడూ ఉండాలి. లేకపోతే కంపైల్ ముగిశాక చూస్తే అన్‌గ్రిబ్ ఒక్కటే కనపడదు. గ్రిబ్ ఫైళ్లకి లింకులు కట్టేది సీ-షెల్ స్క్రిప్టు. చిన్న బేస్ ఇమేజుల్లో ఆ షెల్ ఉండదు, టీసీఎస్‌హెచ్ వేసుకోవాలి. పైగా హోస్ట్‌లో పూర్తి పాత్‌తో కట్టిన లింకులు లోపల పనిచేయవు, అక్కడ పాత్‌లు వేరు కదా. స్క్రిప్టుని కంటైనర్‌లోనే నడపండి. జీఎఫ్ఎస్ (అమెరికా వాళ్ల ప్రపంచ వాతావరణ అంచనా మోడల్) డేటా అయితే జీఎఫ్ఎస్ వీటేబుల్ (గ్రిబ్‌లోంచి ఏయే అంశాలు తీయాలో చెప్పే పట్టిక) లింక్ చేయడం మరవద్దు.

విండోస్‌లో ఇంకో తలనొప్పి: అవుట్‌పుట్ ఫైళ్ల పేర్లలో కోలన్లుంటాయి, విండోస్‌కి అవి పడవు. డాకర్ వాల్యూమ్‌లోకి రాయించడం మేలు. లైనక్స్‌లోనైతే యూజర్ ఐడీ ఇచ్చి నడపండి, లేదంటే ఆ డేటాని డొమైన్ మీదికి సర్దే మెట్‌గ్రిడ్ రాసే ఫైళ్లన్నీ రూట్ పేరు మీద పడతాయి.

ఎంపీఐతో (పనిని చాలా ప్రాసెస్‌లకి పంచే పద్ధతి) నడిపితే డాకర్ ఇచ్చే 64 ఎంబీ షేర్డ్ మెమరీ చాలకపోవచ్చు. 1 జీబీకి పెంచి చూడండి.