వెనక వరసకి వినపడక్కర్లేదు

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాని. వయసు 44. పద్దెనిమిదేళ్లుగా పరిషత్తు పోటీల్లో నాటికలు ఆడుతున్నాను. సినిమాలో ఒక తండ్రి వేషం దొరికి, తెర మీద నలభై సెకన్లు కనపడేదాకా ఏమేం జరిగిందో రాస్తున్నాను. ఇదే దారిలో ఉన్నవాళ్లకి పనికొస్తుందేమో.

సినిమా పిచ్చి ఉందని తెలిస్తే చాలు, మా ఊళ్లో ప్రతివాడూ రామారావు గారి కథ ఎత్తుకుంటాడు. 1947లో ఇక్కడే ప్రత్తిపాడులో సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం మూడు వారాల్లో వదిలేసి మద్రాసు బండెక్కారని. సరే, నాకు ఆ ధైర్యమూ లేదు, వదిలెయ్యడానికి ఆ ఉద్యోగమూ లేదు. ఇద్దరు ఆడపిల్లలున్నారు. నేను పట్టుకున్నది జయప్రకాష్‌రెడ్డి గారిని. మా గుంటూరులో లెక్కల మాస్టారు, నాటకాల మనిషి. మొదటి సినిమా 1988లో. జనం నోట్లో పేరు పడింది 1997లో, ‘ప్రేమించుకుందాం రా’తో. మధ్యలో మళ్లీ పాఠాలు చెప్పుకున్నారు. తొమ్మిదేళ్లు! సంసారం ఉన్నవాడికి ఆ లెక్కే ధైర్యం.

మొదట హైదరాబాద్ కృష్ణానగర్‌లో వేషాలిప్పించే ఒక కో-ఆర్డినేటర్‌కి ఐదువేలు సమర్పించుకున్నాను. ఫోటోలకన్నాడు, కార్డుకన్నాడు, తర్వాత ఫోనెత్తలేదు. నిజంగా వేషం ఇచ్చేవాళ్లు మనల్ని డబ్బులడగరని ఆ ఐదువేలు పెట్టి నేర్చుకున్నాను. అంతే, దాని గురించి ఇంకేం లేదు.

నాటకాల వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకరోజు కబురొచ్చింది. పల్లెటూరి తండ్రి పాత్ర, నలభై అయిదు యాభై మధ్య, గుంటూరు యాస. వీడియో తీసి పంపాలి. ఫోను అడ్డంగా పెట్టి పేరు, వయసు, ఎత్తు చెప్పాలి, ఎడం పక్కకీ కుడి పక్కకీ తిరిగి మొహం చూపించాలి, ఆ తర్వాత వాళ్లిచ్చిన సీను చెయ్యాలి. రెండు నిమిషాల పని కదా అనుకున్నాను.

ఫ్యాను చప్పుడు పడుతోందని ఆపేశాం. మా ఆవిడ ఫోను పక్కన నిలబడి కూతురి డైలాగులు చదివింది, రేషను కార్డులో పేర్లు చదివినట్టు. నేనేమో విజ్ఞాన మందిరంలో వెనక వరసకి వినపడాలన్నట్టు అందుకున్నాను. "ఏవండీ, పక్కింటావిడ తలుపు తీసి చూస్తోంది" అంది. తీసినవి చూసుకుంటే నాకే భయమేసింది. కనుబొమలు ఎగురుతున్నాయి, చెయ్యి ఫోనులోంచి బయటికొచ్చేట్టుంది. స్టేజీ మీద ఇదే నటనకి బహుమతులిచ్చారు మరి.

పది టేకులయ్యాయి. రాత్రి పదకొండు దాటింది. పక్కగదిలో పిల్లలు పడుకున్నారు. పొద్దున్నించీ తేజ రకం మిర్చి బస్తాల మధ్య తిరిగానేమో, ఘాటుకి గొంతు జీరబోయింది. పిల్లలు లేస్తారని నోట్లోనే అనుకుంటున్నట్టు చెప్పాను. అదే పంపాను, బాగుందని కాదు, ఓపిక లేక.

పంతొమ్మిది రోజులకి ఫోనొచ్చింది.

గోల్కొండ ఎక్స్‌ప్రెస్ పట్టుకుని హైదరాబాద్ వెళ్లాను. ఆడిషన్ అపార్టుమెంట్లో ఒక గదిలో. ఆడిషన్ తీసుకునే కుర్రాడికి పాతికేళ్లుంటాయి. నేను మొదలెట్టగానే ఆపి, "సార్, మీరేం చెయ్యకండి. ఆ అమ్మాయి చెప్పేది వినండి, చాలు" అన్నాడు. మా గురువుగారు పద్దెనిమిదేళ్లలో అనని మాట. విన్నాను. గెడ్డం పెంచమని పంపేశారు, తర్వాత రెండు నెలలు చప్పుడు లేదు. గెడ్డం చూసి కొట్లో దీక్షా అని అడిగేవాళ్లు.

అదృష్టం కొద్దీ షూటింగు యార్డు వేసవి సెలవుల మొదట్లోనే పడింది, గొంతులో ఘాటు ఇంకా దిగలేదు. నాలుగు రోజులన్నది రెండయింది. నన్ను ఇబ్బంది పెట్టింది కండువా. సీనంతా మొదట దూరం నుంచి తీసేది మాస్టర్ షాట్, తర్వాత మొహం దగ్గరగా తీసేది క్లోజ్. మాస్టర్ షాట్‌లో ఎడం భుజం మీద వేసుకున్నాను, క్లోజ్‌లో కుడి పక్కకొచ్చింది. "కంటిన్యుటీ!" అని ఒక అరుపు, రెండు షాట్లూ కలవట్లేదని. నా క్లోజ్ తీసేటప్పటికి కూతురి వేషం వేసిన అమ్మాయి వెళ్లిపోయింది. కెమెరా పక్కన అంగుళం టేపు ముక్క అంటించి, అదే మీ అమ్మాయి అన్నారు. అసిస్టెంటు డైరెక్టరు డైలాగు చదివాడు. మా ఆవిడే నయం. ఆ టేపు ముక్కని చూస్తూ మా పెద్దదాన్ని తలుచుకుని చెప్పాను. రెండో టేకు ఓకే అయింది.

డబ్బింగ్‌కి పిలిచేసరికి యార్డు ఘాటు దిగి గొంతు శుభ్రంగా ఉంది. సౌండింజినీరు హెడ్‌ఫోన్ తీసి, "సార్, షూటింగులో జీర ఉంది, ఇప్పుడు లేదు. కలవట్లేదు" అన్నాడు. అరగంట టైమివ్వమని కిందకి దిగి, పార్కింగులో కార్ల మధ్య నిలబడి యుద్ధం పద్యాలు వరసగా అందుకున్నాను, పూర్తి గొంతుతో. వాచ్‌మన్ కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. పైకెళ్లేసరికి కావలసిన జీర వచ్చేసింది. మైకు దగ్గర మాత్రం మళ్లీ పిల్లలు పడుకున్న ఇల్లే.

డబ్బులు ఆలస్యంగా వచ్చాయి, కొంచెం తగ్గి వచ్చాయి. రెండు సీన్లలో ఒకటి ఎడిటింగ్‌లో పోయింది. నాకు చెప్పినవాళ్లు లేరు, హాల్లోనే తెలిసింది.

మొదటి ఆట కాదు, ఆదివారం మ్యాట్నీకి వెళ్లాం. యార్డులో బస్తాలు మోసే ముఠా వాళ్లు పన్నెండు మంది వచ్చారు. నేను కనపడగానే ఈలలే ఈలలు, నా డైలాగు నాకే వినపడలేదు. బయటికొచ్చాక ముఠా మేస్త్రీ నన్ను పక్కకి పిలిచాడు. "గుమాస్తా గారూ, ఏవనుకోకండి. అంత సన్నంగా మాట్లాడారేంటి? మీ గొంతు మాకు తెలీదా? వాళ్లు సరిగ్గా రికార్డు చెయ్యలేదు, అడగండి" అన్నాడు.

అడుగుతాన్లే అన్నాను.

ఇంకో సినిమాకి వీడియో పంపి పదహారు రోజులైంది.